ఆర్గ్ మోడ్‌లో ఒకే తేదీ ఒక్కోసారి ఒక్కోలా ఎందుకు పడుతోంది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందు క్లుప్తంగా చెబుతాను. ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లోని ఆర్గ్ మోడ్‌లో మీరు పనుల జాబితా రాసుకుంటున్నారు. మార్చి 5 అనే ఉద్దేశంతో 5/3/25 అని కొడితే మే 3 పడుతోంది, 5-3-25 అని కొడితే 2005వ సంవత్సరానికి వెళ్లిపోతోంది, 5.3.2025 అంటే మాత్రం సరిగ్గా మార్చి 5 వస్తోంది. మరికొన్ని తేదీలు ఫైల్లో కళ్ల ముందే ఉన్నా అజెండాలోకి, అంటే ఆర్గ్ తేదీల వారీగా చూపే పనుల పట్టికలోకి, రావడం లేదు. ఇది సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లోపమా, లేక మీ కంప్యూటర్‌లో దేశం, భాష సెట్టింగులు తప్పుగా ఉన్నాయా అని అడిగారు.

రెండూ కాదు. ఆర్గ్‌లో అంకెల వరుసను నిర్ణయించేది వాటి మధ్య మీరు పెట్టే గుర్తు. చిన్నగీత పెడితే సంవత్సరం, నెల, రోజు అని చదువుతుంది. ఏటవాలు గీత పెడితే అమెరికా పద్ధతిలో నెల, రోజు, సంవత్సరం అని చదువుతుంది. చుక్కలు పెడితే ఐరోపా పద్ధతిలో రోజు, నెల, సంవత్సరం అని చదువుతుంది. ఈ మూడు నియమాలూ ప్రోగ్రాంలోనే రాసి ఉన్నాయి. మీ కంప్యూటర్‌లో భారతదేశం అని ఎంచుకున్నా, అమెరికా అని ఎంచుకున్నా ఇవి మారవు. కాబట్టి సెట్టింగుల్లో వెతకడం మానేసి, తేదీ కొట్టే అలవాటును మార్చుకోవడమే మార్గం. 2025-03-05 అని పూర్తిగా రాయండి, లేదా రోజు తర్వాత నెల పేరును ఇంగ్లీషులో మూడు అక్షరాలతో, అంటే "5 మార్" అన్నట్టుగా కొట్టండి. ఎంటర్ నొక్కే ముందు కింద వచ్చే తేదీని ఒకసారి చదవండి.

నేను హైదరాబాద్‌లో ఒక చిన్న అకౌంట్స్ కార్యాలయంలో పనిచేస్తాను. జీఎస్టీ, టీడీఎస్ పన్నుల గడువులన్నీ చాలా ఏళ్లుగా ఆర్గ్ ఫైళ్లలోనే ఉంచుతున్నాం, కొత్తగా చేరిన వాళ్లకు దీన్ని నేర్పించే పని కూడా నాదే. మీకు వచ్చిన సందేహమే వాళ్లందరికీ మొదటి వారంలో వస్తుంది. మన దగ్గర చిన్నగీత, ఏటవాలు గీత, చుక్క మూడూ ఒకటే. కరెంటు బిల్లులో ఒకటి, బడి సర్క్యులర్‌లో ఒకటి, ప్రభుత్వ ఉత్తరంలో ఒకటి ఉన్నా మనం అన్నింటినీ రోజు, నెల, సంవత్సరం అనే చదువుతాం. గుర్తు మారితే వరుస మారుతుందన్న ఆలోచన మనకు అలవాటు లేదు. ఆర్గ్‌ను 2003లో కార్‌స్టన్ డొమినిక్ మొదలుపెట్టినప్పటి నుంచి అది అమెరికా, ఐరోపా వాడుకరుల చేతుల్లో పెరిగింది, అక్కడ ఈ గుర్తులు నిజంగానే వేర్వేరు వరుసలను సూచిస్తాయి.

ఈ మూడు నియమాల్లో ఏది ఎంత ప్రమాదకరమో విడిగా చూడాలి, ఎందుకంటే తప్పు తేదీలన్నీ ఒకే రకంగా హాని చేయవు. మీ 5-3-25 అనే ఉదాహరణలో మొదటి అంకె 5 సంవత్సరంగా మారి 2005 అయింది, చివరి 25 రోజుగా మారింది, అంటే 2005 మార్చి 25 పడింది. ఇది చూడడానికి వింతగా ఉన్నా దీని వల్ల పెద్ద నష్టం లేదు. గడువుగా పెట్టి ఉంటే అజెండాలో వేల రోజుల కిందటే దాటిపోయినదిగా ఎత్తి చూపిస్తుంది, వెంటనే పట్టుబడుతుంది. అసలు సమస్య భవిష్యత్తులోకి జారిపోయే తేదీలతో వస్తుంది. జీఎస్టీఆర్-1 అనే నెలవారీ జీఎస్టీ రిటర్న్ గడువు తర్వాతి నెల 11వ తేదీ. మే 11 కోసం మా కార్యాలయంలో కొత్తగా చేరిన ఒకరు 11/5/25 అని కొట్టారు, ఆర్గ్ దాన్ని నవంబర్ 5గా రాసుకుంది. గడువు గురించిన ముందస్తు హెచ్చరిక మామూలుగా 14 రోజుల ముందు మొదలవుతుంది కాబట్టి ఆ పని అక్టోబర్ 22 దాకా అజెండాలో కనిపించేదే కాదు. వారాంతంలో ఫైలును మొత్తంగా చదివే అలవాటు మాకు ఉండడం వల్ల అది దొరికింది.

ఇంతకంటే సూక్ష్మమైన సందర్భం ఇంకొకటి ఉంది. 2025 మార్చి 26 కోసం 26-3-25 అని కొట్టి చూడండి. మొదటి 26 సంవత్సరమై, చివరి 25 రోజై, 2026 మార్చి 25 పడుతుంది. ఈ రెండు తేదీల మధ్య తేడా సరిగ్గా 364 రోజులు, అంటే 52 వారాలు. అందువల్ల రెండూ బుధవారాలే. నెల అదే, వారం అదే, అంకెలు అవే. పైపైన చూసే కంటికి ఇందులో తప్పు దొరకదు, పని మాత్రం దాదాపు ఏడాది ఆలస్యమైపోతుంది. రెండంకెల సంవత్సరాన్ని ఆర్గ్‌లో ఎప్పుడూ కొట్టకండి అని నేను పట్టుబట్టేది ఈ ఒక్క కారణంతోనే. చుక్కలతో రాసినా సంవత్సరాన్ని నాలుగు అంకెల్లోనే రాయండి.

ఏటవాలు గీత విషయంలో ఇంకో మెలిక ఉంది, మీకు ఫలితాలు ఏ లెక్కా లేకుండా వస్తున్నట్టు అనిపించడానికి బహుశా ఇదే కారణం. నెల స్థానంలో 12 వరకే ఒప్పుకుంటుంది కాబట్టి, మీరు 1 నుంచి 12 లోపు రోజులను కొట్టినప్పుడు రోజు, నెల తారుమారవుతాయి. 20/5/25 లాంటిది కొడితే ఆ నియమం అసలు వర్తించదు. ఆ అక్షరాలు ఈమాక్స్‌లోని సాధారణ తేదీ ఫంక్షన్‌కు వెళ్తాయి, అక్కడ అర్థం కాని భాగాలను ఆర్గ్ తన దగ్గరున్న తేదీ నుంచి, చాలాసార్లు ఈరోజు తేదీ నుంచే, నింపేస్తుంది. "ఈ తేదీ నాకు అర్థం కాలేదు" అన్న హెచ్చరిక రాదు. కాబట్టి ఒకే వ్యక్తి ఒకే పద్ధతిలో నెలంతా కొట్టినా నెల మొదట్లో ఒక రకం తప్పు, నెల మధ్య నుంచి ఇంకో రకం తప్పు వస్తాయి.

ఇప్పుడు మీ రెండో ఇబ్బందికి వస్తాను, అంటే ఫైల్లో ఉండి అజెండాలోకి రాని తేదీలకు. ఇక్కడ అర్థం చేసుకోవలసింది ఏమిటంటే తేదీ అడిగే ప్రాంప్ట్ వేరు, ఫైల్లో నిలిచే తేదీ వేరు. కంట్రోల్-సి నొక్కి చుక్క కొట్టినప్పుడో, కంట్రోల్-సి కంట్రోల్-డి తో గడువు పెట్టినప్పుడో వచ్చే ప్రాంప్ట్ చాలా ఉదారమైనది. పైన చెప్పిన మూడు వరుసలనూ, నెలల పేర్లనూ, వారాల పేర్లనూ, "+4" లాంటి లెక్కలనూ అర్థం చేసుకుని, చివరికి ఒకే రూపంలోకి మార్చి ఫైల్లో రాస్తుంది. ఫైలును చదివే భాగానికి ఆ ఉదారత లేదు. నాలుగంకెల సంవత్సరం, రెండంకెల నెల, రెండంకెల రోజు, మధ్యలో చిన్నగీతలు, బయట కోణపు బ్రాకెట్లు: <2025-03-05 బుధ> అన్న ఈ ఒక్క రూపాన్నే అది టైమ్‌స్టాంప్‌గా గుర్తిస్తుంది. మీరు ప్రాంప్ట్ వాడకుండా నేరుగా <5.3.2025> అనో, <2025-3-5> అనో చేత్తో రాస్తే అది దాని దృష్టిలో మామూలు రాత మాత్రమే. రెండో ఉదాహరణలో లోపించింది రెండు సున్నాలే అయినా అజెండా దాన్ని పట్టించుకోదు.

ఆ రూపంలో వారం పేరుకు విలువ లేదన్నది కూడా తెలుసుకోవాలి. అది చదువుకునే మన సౌలభ్యం కోసమే ఉంటుంది. కంప్యూటర్ భాష తెలుగైతే తెలుగులో పడవచ్చు, ఇంగ్లీషైతే ఇంగ్లీషులో పడుతుంది, లేకపోయినా ఫర్వాలేదు. తేదీకీ వారానికీ పొంతన లేకపోతే తేదీనే లెక్కలోకి తీసుకుంటుంది, వారాన్ని సరిచూడదు. చేత్తో తేదీని మార్చిన ప్రతిసారీ కర్సర్‌ను ఆ టైమ్‌స్టాంప్ మీదే ఉంచి కంట్రోల్-సి కంట్రోల్-సి నొక్కితే వారం పేరు సరైపోతుంది. నేను దీన్ని ఒక పరీక్షగా కూడా వాడతాను: నొక్కిన తర్వాత వారం పేరు మారితే, నేను అనుకున్న రోజు ఒకటి, రాసిన రోజు ఇంకొకటి అన్నమాట.

అజెండాలోకి రాకపోవడానికి ఇంకా రెండు మూడు మామూలు కారణాలు ఉన్నాయి. చదరపు బ్రాకెట్లలోని తేదీ అజెండాలోకి రాకుండా ఉండడానికే ఉద్దేశించినది. ఆ ఫైలు అజెండా ఫైళ్ల జాబితాలో లేకపోయినా రాదు. షెడ్యూల్, డెడ్‌లైన్ వరుస శీర్షిక కింద వెంటనే ఉండాలి, మధ్యలో ఖాళీ వరుస గానీ నోటు గానీ వస్తే ఆర్గ్ వ్యాకరణం ప్రకారం అది ఆ శీర్షికకు చెందిన వరుస కాదు.

ప్రాంప్ట్‌లో మీరు చెప్పకుండా వదిలేసిన భాగాన్ని ఆర్గ్ ఎలా నింపుతుందన్నది మరో పెద్ద విషయం, దీని గురించి మీరు అడగకపోయినా త్వరలో ఎదురవుతుంది. మామూలుగా అది భవిష్యత్తు వైపే మొగ్గుతుంది. ఈరోజు జూన్ 13 అనుకుందాం. ప్రాంప్ట్‌లో 14 అని మాత్రమే కొడితే రేపటి తేదీ పడుతుంది. 12 అని కొడితే నిన్న కాదు, జూలై 12 పడుతుంది. ఫిబ్రవరి 15 అని సంవత్సరం లేకుండా కొడితే వచ్చే ఏడాది ఫిబ్రవరికి వెళ్తుంది. పనులకు గడువు పెట్టేటప్పుడు ఇది చక్కటి సౌకర్యం. జరిగిపోయిన ఖర్చు, నిన్న జరిగిన సమావేశం రాసుకునేటప్పుడు మాత్రం ఇదే ఇబ్బంది పెడుతుంది. అలా ముందుకు జరిపినప్పుడు ప్రాంప్ట్‌లో కనిపించే తేదీ పక్కన బాణంతో పాటు ఎఫ్ అనే ఇంగ్లీషు అక్షరం వస్తుంది, ఆ ఒక్క అక్షరాన్ని గమనించడం నేర్చుకోండి. గతాన్ని రాసేటప్పుడు నిన్నకు "-1", మొన్నకు "-2" అని కొట్టడమే సురక్షితం. ఆర్గ్-రీడ్-డేట్-ప్రిఫర్-ఫ్యూచర్ అనే అమరికను పూర్తిగా ఆపివేసే వీలుంది, కానీ మీ ఫైళ్లలో గడువులే ఎక్కువైతే దాన్ని కదిలించవద్దనే నా సలహా.

సమయం విషయంలోనూ ఇలాంటి మెలిక ఉంది. నెల పేరు, రోజు తర్వాత ఒంటరిగా ఉన్న అంకెను ఆర్గ్ సంవత్సరంగా చదువుతుంది. సెప్టెంబర్ 12 ఉదయం తొమ్మిది గంటలకు అనే ఉద్దేశంతో "సెప్ 12 9" అని కొడితే 2009 సెప్టెంబర్ 12 అవుతుంది. గంటను 9:00 అని నిమిషాలతో సహా రాయాలి, లేదా పక్కన ఏఎం, పీఎం చేర్చాలి.

కూడిక గుర్తుల గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఆర్గ్‌ను ఏళ్ల తరబడి వాడుతున్న వాళ్లు కూడా ఇక్కడ తడబడడం చూశాను. ప్రాంప్ట్‌లో ఒక కూడిక గుర్తుతో "+4" అంటే ఈరోజు నుంచి నాలుగు రోజులు. రెండు గుర్తులతో "++4" అంటే అప్పటికే అక్కడున్న తేదీ నుంచి నాలుగు రోజులు. వచ్చే నెల 20న ఉన్న పనిని నాలుగు రోజులు వాయిదా వేద్దామని "+4" కొడితే అది ఈ వారంలోకి వచ్చి పడుతుంది. అదే గుర్తులు టైమ్‌స్టాంప్ లోపల, మళ్లీ మళ్లీ వచ్చే పనులకు పెట్టినప్పుడు, అర్థం వేరు. అక్కడ "+1ఎం" అంటే పని పూర్తయిందని గుర్తుపెట్టగానే పాత తేదీకి ఒక నెల కలుపు అని. రెండు కూడికలతో ఉంటే, తేదీ భవిష్యత్తులోకి వచ్చేదాకా నెల చొప్పున కలుపుతూ పో అని. ముందు చుక్క పెట్టి కూడిక పెడితే, పాత తేదీని వదిలేసి ఈరోజు నుంచి లెక్కపెట్టు అని. మూడు నెలలుగా పట్టించుకోని పనిని ఈరోజు పూర్తి చేస్తే మొదటి పద్ధతిలో తర్వాతి గడువు ఇంకా గతంలోనే ఉంటుంది. ప్రభుత్వ గడువులకు అదే కావాలి, ఎందుకంటే దాటిపోయిన ప్రతి నెలకూ విడిగా రిటర్న్ వేయక తప్పదు. నీళ్ల ఫిల్టర్ మార్చడం లాంటి ఇంటి పనులకు చుక్కతో మొదలయ్యే రూపమే సరైనది.

వారం పేర్లలో కూడా ఒక తేడా ఉంది. శుక్రవారం నాడు కూర్చుని "ఫ్రై" అని కొడితే ఆ రోజే పడుతుంది, "+ఫ్రై" అని కొడితే వచ్చే శుక్రవారం పడుతుంది.

నెలాఖరు తేదీలతో పునరావృతం పెట్టే వాళ్లకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. 2025 జనవరి 31న ఉన్న పనికి నెలనెలా అని పెట్టి పూర్తి చేస్తే ఆర్గ్ ముందు ఫిబ్రవరి 31 అని లెక్క వేసుకుంటుంది, ఆ రోజు లేదు కాబట్టి మిగిలిన మూడు రోజులు ముందుకు జరిగి మార్చి 3 అవుతుంది. ఫిబ్రవరి తప్పిపోవడమే కాదు, అక్కడి నుంచి ప్రతి నెలా 3వ తేదీనే వస్తుంది. మా పనిలో టీడీఎస్ త్రైమాసిక రిటర్న్‌ల గడువులు జూలై 31, అక్టోబర్ 31, జనవరి 31, మే 31. చూడగానే మూడు నెలలకోసారి అని పెట్టాలనిపిస్తుంది. అలా పెడితే మొదటి మూడూ సరిగ్గానే వస్తాయి, జనవరి 31 తర్వాత ఏప్రిల్ 31 అని లెక్కపెట్టి మే 1న ఆగుతుంది, అసలు గడువు మాత్రం మే 31. అందుకే మేము వీటిని నాలుగు వేర్వేరు శీర్షికలుగా, ఒక్కోదానికి ఏడాదికోసారి అని పెట్టుకున్నాం. నెలవారీ టీడీఎస్ చెల్లింపు 7వ తేదీ అయినా మార్చి నెలకు సంబంధించినది మాత్రం మామూలు సంస్థలకు ఏప్రిల్ 30 కనుక, దాన్ని కూడా నెలవారీ వరుస నుంచి తీసి విడిగా ఉంచాం. పునరావృతం అనేది అంకెలు కలిపే యంత్రమే తప్ప నియమాలు తెలిసిన గుమాస్తా కాదు.

ఇదే మాట మన పండుగలకూ వర్తిస్తుంది. ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. దానికి ఏడాదికోసారి అని పెట్టడం అర్థం లేని పని. ఇంట్లో తిథి ప్రకారం జరుపుకునే తద్దినాలకూ అంతే. ఏడాది మొదట్లో పంచాంగం ముందు పెట్టుకుని ఆ సంవత్సరపు తేదీలను ఒక్కొక్కటిగా ఎక్కించుకోవడమే నేను చేసే పని.

పాత పుట్టినరోజులు, దీర్ఘకాలపు అప్పులు రాసే వాళ్లు ఇంకొకటి గమనించాలి. ప్రాంప్ట్ మామూలుగా 1970 నుంచి 2037 వరకు ఉన్న సంవత్సరాలనే ఒప్పుకుంటుంది. అన్ని యంత్రాల మీదా తేదీ చెల్లాలన్న ఉద్దేశంతో పెట్టిన హద్దు అది. అమ్మ పుట్టినరోజు 1958 అని కొడితే సంవత్సరం 1970 అవుతుంది, 2044లో తీరే ఇంటి అప్పు 2037కు కుదించబడుతుంది. అలా బలవంతంగా మార్చినప్పుడు ఒక సందేశం, ఒక శబ్దం వస్తాయి, కానీ శబ్దాలు ఆపుకున్న కంప్యూటర్‌లో ఆ సందేశం కళ్లు తిప్పేలోగా పోతుంది. ఇప్పటి 64 బిట్ల కంప్యూటర్లలో ఈ హద్దు అవసరం లేదు. ఆర్గ్-రీడ్-డేట్-ఫోర్స్-కంపాటిబుల్-డేట్స్ అనే అమరికను ఆపివేస్తే సరిపోతుంది.

"నాకు రోజు, నెల, సంవత్సరం వరుసలోనే చూడడం ఇష్టం" అని మీరు అనవచ్చు, అది న్యాయమైన కోరికే. దానికి మార్గం ఉంది: కంట్రోల్-సి కంట్రోల్-ఎక్స్ కంట్రోల్-టి నొక్కితే తేదీలు మీరు నిర్ణయించుకున్న రూపంలో తెర మీద కనిపిస్తాయి. ఫైల్లోని అసలు తేదీ మారదు, దాని మీద వేరే రాత కప్పినట్టు చూపుతుంది, అంతే. నేను దీన్ని కొత్తవాళ్లకు సిఫార్సు చేయను. తెర మీద 05-03-2025 అని చూస్తూ ఉంటే చేత్తో కూడా అలాగే రాయాలన్న అలవాటు బలపడుతుంది, పైన చెప్పిన కనిపించని తేదీల సమస్య మళ్లీ మొదలవుతుంది.

ఇంకొంతమంది కేలండర్-డేట్-స్టైల్ అనే అమరికను యూరోపియన్ అని మార్చుకుని, ఆర్గ్ ఇంకా వినడం లేదని అడుగుతుంటారు. ఆ అమరిక ఈమాక్స్ కేలండర్‌కూ డైరీకీ చెందినది, ఆర్గ్ ప్రాంప్ట్‌లోని అంకెల వరుసను అది తాకదు. పైగా దాన్ని మార్చడం వల్ల ఒక పక్క ప్రభావం ఉంటుంది: వార్షికోత్సవాలకు డైరీ-యానివర్సరీ అనే ఫంక్షన్ వాడి ఉంటే దానికిచ్చే అంకెల వరుస ఈ అమరికను బట్టి మారిపోతుంది, నిన్నటిదాకా సరిగ్గా పనిచేసిన వరుసలు రోజు, నెల తారుమారై చదవబడతాయి. దానికి బదులు ఆర్గ్-యానివర్సరీ వాడండి. అది ఏ అమరికలో ఉన్నా సంవత్సరం, నెల, రోజు అనే వరుసలోనే తీసుకుంటుంది. తెలంగాణ ఆవిర్భావ దినోత్సవం కోసం 2014 6 2 అని ఇస్తే ఎవరి కంప్యూటర్‌లోనైనా జూన్ 2నే వస్తుంది.

ఈమాక్స్‌కు కోడ్ రాసే భాష అయిన ఈమాక్స్ లిస్ప్ తెలిసినవాళ్లు, ప్రాంప్ట్‌లో కొట్టిన దాన్ని ఆర్గ్ చదివే లోపే పట్టుకుని మన వరుసలోకి తిప్పే చిన్న కోడ్ రాసుకోవచ్చు. సాంకేతికంగా అది కష్టం కాదు, అయినా నేను వద్దంటాను. మీ కంప్యూటర్‌లో 5/3 అంటే మార్చి 5, పక్కవారి కంప్యూటర్‌లో మే 3 అయితే, ఒకే ఫైలును ఇద్దరు పంచుకునే చోట ఎవరి తేదీ ఏదో తేల్చడం అసాధ్యం. సంవత్సరం ముందుండే రూపం ఆర్గ్ వాళ్లు కనిపెట్టినదేమీ కాదు. 1988లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 చెప్పేది అదే, మన భారతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన ఐఎస్ 7900 చెప్పేదీ అదే. దానివల్ల ఫైళ్లను అక్షరక్రమంలో పేరిస్తే తేదీల క్రమం కూడా తనంతట తానే వస్తుంది, ఆర్గ్ తెలియని ఏ సాధనంతోనైనా వెతుక్కోవచ్చు.

టైమ్‌స్టాంప్‌లో టైమ్ జోన్ ఉండదన్నది మీకు అవసరమైతేనే చదవండి. మనకు దేశమంతా ఒకే సమయం కనుక సాధారణంగా ఇబ్బంది లేదు. న్యూయార్క్‌లోని క్లయింట్‌తో వారం వారం ఉదయం తొమ్మిదికి కాల్ ఉంటే, చలికాలంలో అది మనకు రాత్రి 7:30, మార్చి రెండో ఆదివారం వాళ్ల గడియారాలు మారాక సాయంత్రం 6:30. వారానికోసారి అని పెట్టిన పునరావృతానికి ఆ మార్పు తెలియదు. మార్చిలోనూ నవంబర్‌లోనూ చేత్తో సరిదిద్దుకోవాలి.

ఇక ఇప్పటికే పాడైన ఫైళ్ల సంగతి. నేనైతే ఈ వరుసలో వెళ్తాను. ముందుగా ఫైళ్ల నకలు తీసి పక్కన పెట్టుకోండి. తర్వాత కోణపు బ్రాకెట్ వెంటనే ఒకటి లేదా రెండు అంకెలు, ఆపై చుక్క గానీ గీత గానీ ఉన్న చోట్లను వెతకండి, చేత్తో రాసిన తేదీలన్నీ అక్కడ దొరుకుతాయి. నెల, రోజుల్లో సున్నా లోపించినవి విడిగా వెతకాలి. వాటిని ఒకేసారి మూకుమ్మడిగా మార్చేయకండి, 5.3 అని రాసిన చోట మీ ఉద్దేశం మార్చి 5 అయితే సరే, అమెరికా నుంచి వచ్చిన మెయిల్ చూసి దించుకున్నదైతే మే 3 కావచ్చు, అది మీకే తెలుస్తుంది.

ఆ తర్వాత, రూపం సరిగ్గా ఉండి విలువ తప్పైన తేదీలు. వీటిని వెతికి పట్టుకోవడం కష్టం, హద్దులు పెట్టి పట్టుకోవాలి. ఆర్గ్ ఫైల్లో కంట్రోల్-సి నొక్కి ఏటవాలు గీత కొడితే వచ్చే ఎంపికల్లో, బి అనేది మీరిచ్చిన తేదీకి ముందున్న గడువులనూ, ఏ అనేది తర్వాతివాటినీ మాత్రమే తెరిచి చూపుతుంది. మీరు ఆర్గ్ మొదలుపెట్టిన నాటికి ముందున్నవన్నీ 2005 తరహా తప్పులే అయి ఉంటాయి. ఈరోజుకు ఆరు నెలల అవతల ఉన్నవాటిని ఒక్కొక్కటిగా చదవండి, 11/5 నవంబర్‌కు వెళ్లినట్టు జారిపోయినవి అక్కడ ఉంటాయి. రోజు 12 లోపు ఉన్న ప్రతి గడువునూ రోజు, నెల తిప్పి చూసి, తిప్పిన తేదీయే ఆ పనికి ఎక్కువ నప్పుతుందా అని ఆలోచించండి.

చివరగా ఆర్గ్-లింట్ అనే ఆదేశాన్ని ప్రతి ఫైలు మీదా నడపండి. శీర్షికకు దూరంగా జరిగిన షెడ్యూల్, డెడ్‌లైన్ వరుసలను అది ఎత్తి చూపుతుంది, ఇటీవలి వెర్షన్లలో వంకరగా ఉన్న టైమ్‌స్టాంప్‌లను కూడా చెబుతుంది. ఇదంతా అయ్యాక కూడా అజెండాలోకి రాని తేదీ ఏదైనా మిగిలితే, ఆ శీర్షికనూ దాని కింది రెండు వరుసలనూ ఒక్క అక్షరం మార్చకుండా, ఖాళీ వరుసలతో సహా ఇక్కడ పెట్టండి, మీ ఆర్గ్ వెర్షన్ ఏదో కూడా రాయండి. చూసి చెబుతాను.